శ్రీకాకుళాంధ్రదేవుని సీమలో బొమ్మలకొలువు

ధనుర్మాసము ప్రవేశించినంతనే వైష్ణవ గృహములయందు వేకువజామున తిరుప్పావై వినవచ్చును. తిరుమల క్షేత్రమున ఈ మాసమంతయు సుప్రభాతమునకు మారుగా తిరుప్పావైనే పఠింతురు. 30 పాశురములతో నెల గడచి, భోగినాటికి గోదాకల్యాణము సంపన్నమగును. సరిగా అదే సమయమునకు కృష్ణాతీరమునందలి లోగిళ్లలో అటకలపైనున్న పెట్టెలు క్రిందికి దిగును. సంవత్సరమంతయు మెత్తని గుడ్డలలో నిద్రించిన బొమ్మలు మేల్కొని కొలువు తీరును. రాయలసీమలోను, తమిళదేశములోను శరన్నవరాత్రులయందు బొమ్మలకొలువు పెట్టుట ఆచారము కాగా, కోస్తా ఆంధ్రదేశమున సంక్రాంతి పండుగ దినములే అందుకు ప్రశస్తములు.

చల్లపల్లి, ఘంటసాల, మొవ్వ, అవనిగడ్డ మొదలగు గ్రామములతో కూడిన ఈ దిగువ కృష్ణాసీమయందు కొలువులో దశావతారములతోపాటు రాజులు, కవులు, భక్తులు, దేశనాయకులు కూడ చోటుచేసికొనుట కలదు. ఒక్కొక్క యేడు ఒక్కొక్క బొమ్మను సంపాదించి, దానికి తగిన వస్త్రము కట్టి, నగలు తొడిగి నిలుపుట స్త్రీలకు, బాలబాలికలకు ప్రీతిపాత్రమైన వ్యాపకము. అయితే చరిత్రలోని పురుషుని బొమ్మగా నిలిపినపుడు అతనికి ఏ వస్త్రము కట్టవలెను? కంటికి ఇంపైనదా, లేక అతడు నిజముగా ధరించినదా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, విచారించిన కొలది దానియందు గొప్ప ధర్మసూక్ష్మము కానవచ్చును.

బొమ్మ – అర్చామూర్తి

శ్రీవైష్ణవ సిద్ధాంతమున భగవంతుడు పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చా రూపములతో ఐదు విధములుగా వేంచేసియున్నాడు. వీనిలో అర్చారూపము మిక్కిలి సులభమైనది. సర్వస్వతంత్రుడైన స్వామి ఆ రూపమున భక్తుని చేతిలోనివాడై, అతడు స్నానము చేయించినపుడు స్నానమాడి, కట్టిన వస్త్రమునే కట్టి, పెట్టినదే ఆరగించును. కావుననే ఆలయములయందు అలంకారసేవకు అంతటి ప్రాధాన్యము కలిగినది.

కొలువులోని బొమ్మ అర్చామూర్తి కాదు. దానికి ఆగమోక్తమైన ప్రతిష్ఠ లేదు, నిత్యారాధన లేదు. బాలిక చేతిలోనికి తీసికొనవచ్చును, పొరపాటున క్రింద పడవేయనూ వచ్చును. ఈ భేదమును మొదటనే గ్రహింపవలెను. పూజామందిరమునందలి సాలగ్రామములను, ఆరాధనలోనున్న మూర్తులను బొమ్మల సంఖ్య పెంచుటకై కొలువుమెట్లపైకి దింపుట తగదు. కొలువునకు సాయంకాలము హారతి ఇచ్చుట ఆచారమే. అది కొయ్యకు గాక, ఆ రూపములవలన స్మరణకు వచ్చు భగవద్భాగవతులకు చెందును.

భేదమున్నను సంబంధము లేకపోలేదు. చిన్ననాట జానెడు బొమ్మకు ఓపికతో కుచ్చెళ్లు పెట్టుట నేర్చిన చేయి, పెద్దయైన పిమ్మట స్వామికి పుష్పమాల కట్టుటకు సిద్ధమగును. బొమ్మ అలంకారము అర్చాసేవకు అక్షరాభ్యాసము వంటిది. అక్షరాభ్యాసమున తప్పు నేర్చినచో తరువాత దిద్దుకొనుట కష్టము. కావున సత్యముగా అలంకరించుట మొదటినుండియే అలవాటు చేయవలెను.

ఈ సీమకు తగిన కథ

కొలువు పెట్టువారు ఏ కథను ఎన్నుకొనవలెనని సంశయించునపుడు దూరదేశములకు పోవలసిన పనిలేదు. చల్లపల్లికి కొద్దిదూరమున కృష్ణానదీతీరమున శ్రీకాకుళ క్షేత్రము కలదు. అచట వెలసిన స్వామి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు. ఈ స్వామినే దేవరకోట సంస్థాన ప్రాంతమునకు చెందిన కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమునందు నిందాస్తుతితో అర్చించినాడు.

1509 నుండి 1529 వరకు విజయనగర సామ్రాజ్యమును పాలించిన శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వెడలి, దారిలో బెజవాడయందు కొన్నినాళ్లు విడిసి, శ్రీకాకుళమునకు వచ్చి హరివాసరమున ఉపవసించెను. ఆ రాత్రి నాల్గవ జామున స్వామి అతనికి కలలో సాక్షాత్కరించెను. నీలమేఘమువంటి మేను, పీతాంబరము, వక్షమున కౌస్తుభము, చెంత లక్ష్మీదేవి. రంగనాథునితో గోదాదేవికి జరిగిన వివాహగాథను తెలుగున రచింపుమని స్వామి ఆనతిచ్చెను. ఆ ఆనతికి ఫలమే ఆరు ఆశ్వాసముల ఆముక్తమాల్యద. దానినే విష్ణుచిత్తీయమనియు అందురు. ఆ కావ్యమును రాయలు తిరుమల శ్రీవేంకటేశ్వరునకు అంకితము గావించెను. స్వప్నవృత్తాంతమును రాయలే తన కావ్యపీఠికలో చెప్పుకొనినాడు. శ్రీకాకుళ ఆలయ ప్రాంగణమున రాయల పేర మండపము నేటికిని కలదు.

ఈ ఒక్క కథలో ధనుర్మాసమునకు నాయికయైన గోదాదేవి యున్నది, చారిత్రక పురుషుడైన రాయలున్నాడు, ఈ సీమ స్వామి యున్నాడు, తిరుమలేశుడున్నాడు. భోగినాడు గోదాకల్యాణము జరుపుకొని, ఆ దినముననే కొలువు తీర్చు కృష్ణాతీరవాసులకు ఇంతకంటె సమంజసమైన ఇతివృత్తము దొరకదు.

బొమ్మల సేకరణ

రాయలు 1515లో కొండవీటిని గెలిచి, పిమ్మట కొండపల్లి దుర్గమును కూడ వశపరచుకొనెను. ఆ కొండపల్లియే నేడు బొమ్మలకు ప్రసిద్ధమైన గ్రామము. ఇచటి శిల్పులు తెల్లపొణికి అను తేలికైన కఱ్ఱను ఆరబెట్టి, తల, చేతులు, మేను వేరువేరుగా చెక్కుదురు. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అవయవములను అతికి, సున్నపుపూత పూసి, పిమ్మట రంగులు దిద్దుదురు. దశావతారములు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, కల్లాపి చల్లు ఇల్లాలు, నీళ్లబిందె స్త్రీ మొదలగునవి ఇచటి ప్రసిద్ధమైన బొమ్మలు.

కొండపల్లి బొమ్మకు వస్త్రము రంగుతోనే చిత్రింపబడియుండును. దానిపై మరల గుడ్డ కట్టినచో రాపిడికి రంగు పెచ్చులూడును, శిల్పి పడిన శ్రమ మరుగుపడును. అట్టి బొమ్మకు సన్నని పూలమాల చాలును. వస్త్రాలంకారమునకు యోగ్యమైనవి రక్తచందనపు బొమ్మలు. తిరుపతి యాత్రకు వెళ్లినవారు ఈ బొమ్మలను తెచ్చుకొనుట ప్రాతకాలపు వాడుక. స్త్రీపురుషుల జంటగా చెక్కిన ఈ బొమ్మలకు రాజు, రాణి అని పేరు పెట్టి పట్టుగుడ్డలు కట్టుదురు. పెండ్లిలో నూతన వధువుకు ఇట్టి జంటను ఇచ్చు ఆచారము తమిళదేశమున కలదు. శేషాచల ప్రాంతమున పెరుగు ఈ రక్తచందన వృక్షమునకు నేడు చట్టరక్షణ యున్నది. కావున అనుమతి గల విక్రయశాలలయందే వీనిని కొనవలెను. రక్తచందనము లభింపని యెడల మెత్తని గుడ్డతో కుట్టిన బొమ్మయైనను, మట్టిబొమ్మయైనను చాలును.

సేకరణ యనగా ఒక్కసారిగా అంగడిని ఇంటికి తెచ్చుట కాదు. ఏటికి ఒక బొమ్మను చేర్చినను చాలును. అవ్వ తెచ్చిన బొమ్మ, తల్లి తెచ్చిన బొమ్మ, కుమార్తె తెచ్చిన బొమ్మ ఒకే మెట్టుపై నిలిచినపుడు ఆ ఇంటి చరిత్రయే కొలువు తీరినట్లగును. ముక్కు చెదరినదని, రంగు మాసినదని ప్రాతబొమ్మను పారవేయరాదు. దానికి వెనుక వరుసయందైనను చోటు కల్పింపవలెను.

రాయల వేషము

రాయల బొమ్మ అనగానే చాలమంది శిరమున మెరయు కిరీటము పెట్టి, మేనికి మఖమలు అంగీ తొడిగి, చేత కరవాలము నుంతురు. నాటకములయందు, చలనచిత్రములయందు చూచిన రూపము కన్నులలో నిలిచియుండుటచే ఇట్లు జరుగును. కాని రాయల నిజస్వరూపమునకు ఇంతకంటె గట్టి ఆధారములు కలవు.

మొదటిది తిరుమల ఆలయమునందే యున్నది. మహాద్వారము దాటిన వెంటనే కృష్ణరాయ మండపమున తిరుమలదేవి, చిన్నాదేవులతో కూడిన రాయల రాగి విగ్రహములు దర్శనమిచ్చును. వేలకొలది యాత్రికులు స్వామిదర్శనపు తొందరలో ఆ విగ్రహముల ప్రక్కనుండియే సాగిపోవుదురు. ఒక్కక్షణము నిలిచి చూచినచో, శిరమున పొడవైన కుళ్లాయి, నడుమున మడతలు తీరిన ధోవతి, మేన ఆభరణములు, వక్షమునకు చేర్చి మోడ్చిన రెండుచేతులు కానవచ్చును. చేతిలో కత్తి లేదు. ఇరుప్రక్కల దేవేరులును అంజలి ఘటించియే యున్నారు. 1513లో మొదటిసారి స్వామిని సేవించిన రాయలు, 1521 వరకు ఏడు పర్యాయములు తిరుమలకు వచ్చి అనర్ఘమైన ఆభరణములు సమర్పించెను. అట్టి దాత తన విగ్రహమును దాతగా గాక దాసునిగా పోతపోయించి ద్వారమునొద్ద నిలుపుకొనెను.

రెండవ ఆధారము పోర్చుగీసు యాత్రికుడైన పేస్ వ్రాత. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన ఇతడు రాయలను కొలువులో కన్నులార చూచినాడు. బంగారు పూలు కుట్టిన తెల్లని వస్త్రములు, కంఠమున వజ్రాల హారము, శిరమున జరీపట్టు టోపీ రాజు ధరించెననియు, పాదములకు మాత్రము చెప్పులు లేవనియు ఇతడు వ్రాసినాడు. సామ్రాజ్యాధిపతియై కొలువులో కూర్చున్ననూ పాదములకు రక్షలు లేవనుట గమనింపదగినది.

మూడవది లేపాక్షి వీరభద్రాలయమునందలి వర్ణచిత్రములు. రాయల తరువాత అచ్యుతరాయల కాలమున చిత్రింపబడిన ఈ మండపచిత్రములందు నాటి ప్రముఖులు పొడవైన కుళ్లాయిలతోను, నిడుపాటి తెల్లని కబాయిలతోను కానవత్తురు. స్త్రీల చీరలపై రకరకముల గళ్లు, చారలు, పూవులు స్పష్టముగా తెలియును. కుళ్లాయి, కబాయి యనునవి నాటి రాజసభకు తగిన వేషములు. కర్ణాట రాజసభకు పోవుటకై కుళ్లాయి పెట్టవలసి వచ్చినదని శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటువు కూడ తెలుపుచున్నది.

దీనినిబట్టి రాయలకు రెండు వేషములు సిద్ధించుచున్నవి. రాజసభయందు నిలుపదలచినచో బంగారుపూల తెల్లని వస్త్రము, కుళ్లాయి, హారము, చెప్పులు లేని పాదములు. స్వామి సన్నిధియందు నిలుపదలచినచో కుళ్లాయి, ధోవతి, ఆభరణములు, అంజలి. మన కొలువులో రాయలు శ్రీకాకుళాంధ్రదేవుని యెదుటను, వేంకటేశ్వరుని యెదుటను నిలుచువాడు. కావున రెండవ వేషమే ఉచితము. కిరీటము స్వామికే చెల్లును. రాయల శిరమునుండి కిరీటము తీసి, చేతినుండి కత్తి తొలగించినంత మాత్రమున అతని గొప్పతనము తగ్గదు. అతడు ఏ రూపమున శాశ్వతముగా నిలువగోరెనో ఆ రూపము నిచ్చినట్లగును.

గోదాదేవి, విష్ణుచిత్తులు

శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు తులసీవనమును పెంచి, నిత్యము మాలలు కట్టి స్వామికి సమర్పించుచుండెను. ఆ వనముననే అతనికి గోదాదేవి శిశువుగా లభించెను. పెరిగి పెద్దయైన ఆమె, తండ్రి కట్టిన మాలను తాను ముందుగా ధరించి, స్వామికి తగియుందునా యని చూచుకొని, మరల బుట్టలో నుంచెడిది. ఒకనాడు మాలయందు కేశమును కనుగొని తండ్రి పరితపించెను. కాని స్వామి ఆమె ధరించి విడిచిన మాలయే తనకు ప్రీతియని తెలిపెను. ఆముక్తమాల్యద యనగా ధరించి విడిచిన మాలను ఇచ్చినది అని అర్థము. నేటికిని శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి ధరించిన మాల బ్రహ్మోత్సవములందు గరుడసేవకై తిరుమలకు వచ్చును.

గోదాదేవి బొమ్మకు గుర్తులు మూడు: ఒక ప్రక్కకు ఒరిగిన ఎత్తైన కొప్పు, చేతియందు చిలుక, మెడయందు పూలమాల. కొప్పునకు నల్లని పట్టుదారమును ముడివేసి, సన్నని ముత్యములు చుట్టవలెను. చిలుకను కొనుటకంటె పచ్చని ఆకులతో చేయుట మేలు. శ్రీవిల్లిపుత్తూరునందును అమ్మవారి చేతి చిలుకను ఆకులతోనే నిత్యము నూతనముగా చేయుదురు. మాల మాత్రము తప్పక నిజమైన పూవులతోను, తులసిదళములతోను కట్టవలెను. ప్రతి ఉదయమున ఇంటిలోని పిన్నబాలిక ఆ మాలను ముందుగా గోదాదేవి బొమ్మకు వేసి, కొంతసేపటికి తీసి రంగనాథుని బొమ్మకు వేయవలెను. అంతటితో కథ మొత్తము ఆమెకు బోధపడును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఆ లీల గోదాదేవికే చెల్లును. కొలువులో బొమ్మలతో అభినయించిన దానిని అనుకరించి, ఇంటి పూజకై ఉద్దేశించిన పూలను పిల్లలు తాము ముడుచుకొని పిదప స్వామికి సమర్పింపరాదు. బొమ్మకు, అర్చామూర్తికి గల భేదము ఈ సందర్భమునందే పిల్లలకు సులభముగా చెప్పవచ్చును.

విష్ణుచిత్తుని వేషము నిరాడంబరము. తెల్లని పంచకట్టు, ఉత్తరీయము, శిఖ, ఊర్ధ్వపుండ్రములు, తులసిపూసల పేరు, చేత పూలబుట్ట. తిరునామమును ఆయా ఇంటి సంప్రదాయము ననుసరించి దిద్దవచ్చును. ఈతడు పాండ్యరాజు సభలో శ్రీమన్నారాయణుని పరత్వమును స్థాపింపగా, రాజు అతనిని ఏనుగుపై ఊరేగించి గౌరవించెనని సంప్రదాయము. కొండపల్లి అంబారీ ఏనుగుపై సామాన్యముగా రాజును కూర్చుండబెట్టుదురు. ఈ కొలువునందు మాత్రము అంబారీలో పూలబుట్టవాడు కూర్చుండును, రాజు నేలపై నిలుచును. ఎందుకిట్లని బాలుడు తప్పక అడుగును. ఆ ప్రశ్న పుట్టించుటయే కొలువు ప్రయోజనము.

వస్త్రములు, నగలు

వస్త్రమునకై ఈ సీమవారు దూరము పోనక్కరలేదు. మచిలీపట్టణమునకు చేరువనున్న పెడనయందు నేటికిని కలంకారీ అద్దకము సాగుచున్నది. గుడ్డను కరక్కాయ కషాయమున నానబెట్టి, టేకుకఱ్ఱ అచ్చులతో పూలు, తీగలు అద్ది, పటికతో ఎరుపును, ఇనుపతుక్కు బెల్లపునీటిలో ఊరవేసి నలుపును సాధింతురు. ఈ వస్త్రములు గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణపు రేవునుండి పారసీక దేశమునకు పోయినవి. 1611లో ఆంగ్లేయులు ఇచట వర్తకస్థానము నెలకొల్పుటకును ఈ వస్త్రములే ముఖ్యకారణము.

రాయలు బంగారుపూల తెల్లని వస్త్రము ధరించినట్లు తెలియుచున్నది గనుక ఎర్రపూల కలంకారీని అతని మేనికి కట్టరాదు. దానిని బెజవాడ విడిదియందలి డేరాకును, స్వామి వెనుక తెరకును, ఏనుగు అంబారీపై కప్పునకును వాడుట యుక్తము. రాయల ధోవతికి మెత్తని తెల్లని నూలుగుడ్డను తీసికొని, ప్రాత పట్టుచీర అంచునుండి విప్పిన జరీపోగుతో చిన్నచిన్న పూలు కుట్టవలెను. బొమ్మ జానెడున్నపుడు పూవు ఆవగింజకంటె పెద్దదైనచో వికారముగా నుండును. బొమ్మ కొలతకు తగిన పూవు, తగిన అంచు ఎన్నుకొనుటయే ఈ విద్యలో మొదటి మెలకువ.

ధోవతికి గుడ్డను పలుచని గంజిలో ముంచి, సగము ఆరినపుడు వ్రేళ్లతో కుచ్చెళ్లు తీర్చి, దారముతో కట్టి నీడన ఆరబెట్టవలెను. ఆరిన పిమ్మట దారము విప్పిననూ కుచ్చెళ్లు చెదరవు. నడుమునొద్ద రెండుకుట్లు వేసిన చాలును. బంకతో అతికించుట మంచిది కాదు. బంకకు పురుగు చేరును, మరుసటి యేడు వస్త్రము తీయబోయినపుడు బొమ్మయే చెడును. కుళ్లాయికి దళసరి కాగితమును పొట్లమువలె చుట్టి, కొన గుండ్రముగా వంచి, పైన జరీపట్టు తొడిగి కుట్టవలెను. దాని ఎత్తు బొమ్మ ముఖము పొడవుకంటె తక్కువ కారాదు.

నగలకు మచిలీపట్టణమును ఆనుకొనియున్న చిలకలపూడి ప్రసిద్ధము. పాండురంగస్వామి క్షేత్రమైన ఆ గ్రామమున బంగారుపూత నగలు చేయువారు కలరు. సన్నని గొలుసులు, చిన్న పూసలు అచట లభించును. నగలు మితముగా నుండవలెను. స్వామికి అధికముగను, గోదాదేవికి తగినంతగను, రాయలకు అంతకంటె తక్కువగను ఉంచినచో చూపరుల దృష్టి స్వామివైపునకే పోవును.

ఆధారము లేనిచోట

మరికొన్ని యేండ్లకు ఇంటివారు ఇతర కాలముల బొమ్మలను చేర్పగోరవచ్చును. ఘంటసాలయందు శాతవాహనుల నాటి బౌద్ధశిల్పములు బయల్పడినవి. ఆ కాలపు బొమ్మకు రాయలనాటి కుళ్లాయి పెట్టిన పొరపాటగును. ఘంటసాల, అమరావతి శిల్పములందు పురుషులకు తలపాగలు, నడుమున ధోవతులు, స్త్రీలకు పెద్ద కర్ణాభరణములు, బరువైన కాలికడియములు కానవచ్చును. మొవ్వ గోపాలుని కొలిచిన క్షేత్రయ్య 17వ శతాబ్దివాడు. కూచిపూడి భామాకలాపమునందలి సత్యభామకు జడయే ప్రధానము. ఒక కాలపు వారికి మరియొక కాలపు వేషము తగదు.

శిల్పముగాని, చిత్రముగాని, చూచినవారి వ్రాతగాని లేని మహనీయుల విషయమున తెల్లని పంచ, ఉత్తరీయము, తిరునామము చాలును. లేనిది కల్పించుటకంటె నిరాడంబరముగా విడుచుట గౌరవము. సంక్రాంతి దినములలో వాకిటికి వచ్చు హరిదాసు బొమ్మకు మాత్రము గ్రంథములతో పనిలేదు. తలపై అక్షయపాత్ర, చేత తంబుర, చిడతలు, కాళ్లకు గజ్జెలు, మెడలో పూలమాల. ఉదయమున వాకిట చూచిన రూపమును సాయంకాలమున బాలుడే తన చేతితో అలంకరింపగలడు. చూచి, గుర్తుంచుకొని, ఉన్నది ఉన్నట్లు నిలుపుట యనెడి అభ్యాసము అచటనే మొదలగును.

మెట్లపై అమరిక

మెట్లు మూడు, ఐదు, ఏడు, తొమ్మిది – ఈ విధముగా బేసిసంఖ్యలో నుండుట ఆచారము. ఐదుమెట్ల కొలువును ఇట్లు తీర్పవచ్చును. అన్నిటికంటె పైమెట్టున కలశము, శ్రీకాకుళాంధ్రదేవుడు, రంగనాథుడు, శ్రీవేంకటేశ్వరుడు. రెండవ మెట్టున దశావతారములు. మూడవ మెట్టున గోదాదేవి, తులసివనము, ఆళ్వారులు, అంబారీలో విష్ణుచిత్తుడు. తులసివనమునకు చిన్న మట్టిపాత్రలో నిజమైన తులసిమొక్కనే యుంచవలెను. నాల్గవ మెట్టున దేవేరులతో రాయలు, కవులు, పాండ్యరాజు. ఐదవ మెట్టున హరిదాసు, గంగిరెద్దు, ఎడ్లబండి, గొబ్బెమ్మల చుట్టును కన్యలు, రైతులు, అంగడివారు.

ఈ అమరికలో చక్రవర్తి నాల్గవ మెట్టున నిలుచుట కొందరికి వెలితిగా తోచవచ్చును. అందరికంటె ఖరీదైన బొమ్మ అదేయైనచో దానిని నడుమ, పైన నిలుపవలెనను కోరిక సహజము. కాని భాగవతుడు రాజుకంటె మీదివాడనునదే ఆముక్తమాల్యదలోని ప్రధానబోధ. రాజైయుండియు ఆ కావ్యమును రచించిన రాయలు, రాజుకంటె పూలుగూర్చు భక్తునే నాయకస్థానమున నిలిపెను. బొమ్మల ఖరీదునుబట్టి గాక భక్తినిబట్టి మెట్లు నిర్ణయించిననాడే కొలువు పాఠమగును.

పేరంటమునకు వచ్చిన ముత్తైదువలకు పసుపు, కుంకుమ, తాంబూలము, శనగలు ఇచ్చుటతోపాటు, కొలువులోని కథను ఇంటిపిల్లలచే చెప్పించుట మంచి అలవాటు. చెప్పునపుడు ఏది శాసనములవలన, వ్రాతలవలన తెలిసిన చరిత్రయో, ఏది పెద్దలు పరంపరగా చెప్పుకొనిన గాథయో వేరుచేసి చెప్పుట నేర్పవలెను. రాయలు తిరుమలకు వచ్చుట శాసనములవలన తెలియుచున్నది. స్వప్నవృత్తాంతము ఆ భక్తుడు తానే చెప్పుకొనిన అనుభవము. విష్ణుచిత్తుని గజారోహణము గురుపరంపరాగతము. మూడును ఆదరణీయములే. ఒకదానిని మరియొకటిగా చెప్పకుండుటయే వానికి చేయు మర్యాద.

కొలువు ఎత్తునపుడు

పండుగ ముగిసిన రాత్రి ఒక బొమ్మనైనను పవళింపజేసి హారతి ఇచ్చి, మరునాడు బొమ్మలను పెట్టెలకు చేర్చుదురు. సముద్రపు గాలి సోకు ఈ సీమలో జరీ త్వరగా నల్లబడును. కావున వస్త్రములను, నగలను విప్పి, ఎండిన వేపాకులతో వేరుగా భద్రపరచవలెను. కొండపల్లి బొమ్మలను తడిగుడ్డతో తుడువరాదు. మెత్తని కుంచెతో దుమ్ము రాల్చి, ప్రాత నూలుగుడ్డలో చుట్టిన చాలును. తెల్లపొణికి చెట్టు నానాటికి అరుదగుచున్నది. శిల్పుల కుటుంబములు ఆ కఱ్ఱపైననే ఆధారపడియున్నవి. ఉన్న బొమ్మను కాపాడుకొనుట, ఏటికొక బొమ్మను శిల్పి చేతినుండియే కొనుట, ఆ వృత్తి నిలుచుటకు ప్రతి గృహస్థుడు చేయగల సహాయము.

వస్త్రములు విప్పునపుడు పిల్లలను దూరముగా నుంచక దగ్గర కూర్చుండబెట్టుకొనవలెను. కుళ్లాయి, ధోవతి, హారము తీసినంతనే రాయలు మరల ఎర్రని చందనపు కొయ్యయే. ప్రక్కనున్న పాండ్యరాజు కూడ అదే కొయ్య. వచ్చు సంవత్సరము ఆ కొయ్యకే హరిదాసు వేషము కట్టవచ్చును. దేహములు జీవునకు వస్త్రములవంటివని పెద్దలు చెప్పు మాట బాలునకు ఇంతకంటె తేటగా తెలియు సమయము వేరొకటి లేదు. వేషములు మారుచుండును. ఏ వేషమునందున్నను స్వామి యెదుట చేతులు మోడ్చి నిలుచుటయే జీవునకు స్వరూపము. తిరుమల మహాద్వారమునొద్ద ఐదు శతాబ్దులుగా రాయలు నిలిచియున్నది ఆ రీతిగానే.

ఈ మారు తిరుమలయాత్రకు వెళ్లు గృహస్థులు కృష్ణరాయ మండపమునొద్ద ఒక్కక్షణము నిలిచి, ఆ మూడు విగ్రహములను పిల్లలకు చూపుదురు గాక! శ్రీకాకుళమున ఆంధ్రదేవుని సేవించి, సంక్రాంతికి ఆ రూపమునే తమ ఇంటి కొలువులో నిలిపి, గోదారంగనాథుల కటాక్షమునకు పాత్రులగుదురు గాక!